గాలి పోయిందా అని అడిగే డాక్టరమ్మ

దయ్యాల మాట ఇంట్లో ఎప్పుడు వచ్చినా నేను లేచి వంటింట్లోకి పోయేదాన్ని. భయమేసి కాదు, ఒళ్లు మండి. నయాపూల్ దగ్గర కోర్టు గేటుకు ఎదురుగా ఒక జిరాక్స్ షాపులో టైపింగ్ చేస్తాను. పెళ్లయిన కొత్తలో చేరాను, ఇప్పటికీ అదే కుర్చీ. ఒకే గోడ కూలిన సంగతిని ముగ్గురు అన్నదమ్ములు మూడు రకాలుగా చెప్తే, మూడూ నేనే టైపు చేసి, మూడింటి కిందా "పైన చెప్పినదంతా నిజం" అని కొట్టిన మనిషిని. కళ్లారా చూశామన్నంత మాత్రాన ఎవరినీ నమ్మే రకం కాదు నేను.

కాబట్టి ఇప్పుడు నేను చెప్పేది నమ్మమని మిమ్మల్నీ అడగను. జరిగింది జరిగినట్టు పెడతాను. గుర్తు లేని చోట గుర్తు లేదనే చెప్తాను.

మేముండేది ఛత్రినాక. మా ఆయన కంచన్‌బాగ్‌లో ఫ్యాక్టరీ ఉద్యోగి. మాతోపాటు మా అత్తమ్మ ఉంటుంది. మా అత్తమ్మకు గాలి, ధూళి, దిష్టి, తుమ్ము, పిల్లి ఎదురు రావడం, అన్నీ పట్టింపే. బోనాలప్పుడు అమ్మవారి దగ్గర ఎంత భక్తో, గురువారం దర్గాలో ఊదు పొగ దగ్గరా అంతే భక్తి. "ఏ దేవుడైతే ఏంది, మన పని గావాలె" అంటుంది. ఈ విషయంలో మా ఇద్దరికీ రోజూ లొల్లే. కానీ నాకు తలనొప్పి వస్తే రాత్రంతా కూర్చుని నొసలు నొక్కేది కూడా ఆమే. అది కూడా చెప్పకపోతే తప్పు.

నాకు జబ్బు చేసిన సంగతి చాలాకాలం ఎవరికీ తెలియలేదు, నాతో సహా. షాపు ముందు నాలుగు మెట్లు ఎక్కితే గుండె దడదడలాడేది. పరీక్ష చేస్తే రక్తం తక్కువగా ఉందన్నారు. ఆడవాళ్లకు ఈ వయసులో మామూలే అన్నారు. ఐరన్ గోళీలు మింగుతూ పోయాను. అత్తమ్మ మాత్రం ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసి, "చూడు, ఘాటే రాలే. ఎంత దిష్టి ఉన్నదో" అనేది. నేను నవ్వేదాన్ని.

గోళీలు ఎన్ని మింగినా రక్తం పెరగకపోయేసరికి, మలక్‌పేటలో ఒక ఆసుపత్రిలో లోపలికి కెమెరా పెట్టి చూశారు. పెద్దపేగు మొదట్లో, కుడివైపు, గడ్డ ఉంది. క్యాన్సర్.

వాయిదాలు అడిగే పిటిషన్లలో ఆ మాట ఎన్నిసార్లు కొట్టానో. ఏనాడూ వేళ్లు తడబడలేదు. ఆ రోజు ఆసుపత్రి బయట ఆటో అతను "కహాఁ జానా అమ్మా?" అని అడిగితే మా ఇల్లు ఎక్కడో నా నోటికి రాలేదు. మా ఆయన చెప్పాడు. దారి పొడుగునా నాకు ఒకటే ఆలోచన. నేను చచ్చిపోతాను. నాకు చావాలని లేదు. ఇంత గట్టిగా బతకాలని అంతకు ముందెప్పుడూ అనిపించలేదు.

నాకు ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ పేరు ఇక్కడ రాయను. ఆమెకు అలాంటివి నచ్చవు. గుంటూరు వైపు మనిషి, నాకంటే ఐదారేళ్లు పెద్ద. మొదటి రోజే తన చున్నీ కొంగు చేతిలోకి తీసుకుని, "ఇదిగో, ఇక్కడి నుంచి ఇక్కడి దాకా తీసేస్తా. మిగిలిన రెండు కొసలూ కలిపి కుట్టేస్తా" అని చూపించారు. బ్లౌజు కుట్టే ఆవిడ మాట్లాడినట్టు మాట్లాడారు. నాకు అదే ధైర్యం ఇచ్చింది.

"నేను బతుకుతనా మేడం?" అని అడిగాను.

"గ్యారంటీ ఇవ్వలేనమ్మా. నా చేతిలో ఉన్నదాంట్లో మాత్రం ఒక్కటీ వదిలిపెట్టను" అన్నారు.

ఆమెకు ఒక అలవాటు ఉంది. పొట్ట మీద చెయ్యి పెట్టే ముందు రెండు అరచేతులూ గట్టిగా రుద్దుకుంటారు. ఎందుకని అడిగితే, "చల్లటి చెయ్యి పెడితే పొట్ట బిగుసుకుపోతుంది. ఇంక లోపల ఏముందో నాకేం తెలుస్తుంది?" అన్నారు. అన్ని పరీక్షలు చేయించుకున్నాను, అన్ని చేతులు నా పొట్ట మీద పడ్డాయి. వెచ్చటి చెయ్యి ఆమెది ఒక్కటే.

ఆపరేషన్ బాగానే జరిగింది. తర్వాత మొదలైంది గాలి గొడవ.

పేగు కోసి కుట్టాక అది కొన్నాళ్లు మొద్దుబారి పడుంటుందట. మళ్లీ పనిలోకి దిగిందనడానికి మొదటి గుర్తు కింది నుంచి గాలి పోవడం. అందుకని డాక్టరమ్మ పొద్దున్నే రౌండ్స్‌కు వస్తూనే, వెనకాల పదిమంది ఉన్నా సరే, "ఏమ్మా, గాలి పోయిందా?" అని గట్టిగా అడిగేవారు. నేను సిగ్గుతో సగం చచ్చి, "లేదు మేడం" అనేదాన్ని. "పోవాలమ్మా. అది పోయేదాకా నాకు మనశ్శాంతి ఉండదు" అనేవారు.

ఈ మాటలన్నీ తలుపు దగ్గర నిలబడి మా అత్తమ్మ వింటోంది. ఆమెకు తెలిసిన గాలి వేరు. దిక్కు మొక్కు లేకుండా చచ్చినవాళ్లది, సందు మలుపులో మనిషిని పట్టేది, ఆ గాలి.

తర్వాత మా ఆయన చెప్పాడు. రెండో రోజే అత్తమ్మ ఆయన్ని కారిడార్‌లోకి లాక్కెళ్లిందట.

"ఇన్నవా బిడ్డా? నేను చెప్తే మొగుడు పెండ్లాలు నవ్వుతరు. గంత పెద్ద సదువు సదివిన డాక్టరమ్మ రోజూ అడుగుతుంది, గాలి పోయిందా గాలి పోయిందా అని. నీ పెండ్లామేమో పోలేదంటది. ఇంకేం గావాలె నీకు?"

ఆ గాలి ఈ గాలి కాదని కన్నతల్లికి ఎలా విడమరిచి చెప్పాలో తెలియక మా ఆయన నోరు మూసుకున్నాడట. పెద్ద మొనగాడు.

అత్తమ్మ ఊరుకునే మనిషి కాదు. తను ఎప్పుడూ వెళ్లే దర్గాకు పోయి, అక్కడ కూర్చునే ముసలాయనతో నీళ్ల మీద దమ్ చేయించింది. అంటే దువా చదివి నీళ్ల మీద ఊదుతారు. గాలి పోవడానికి గాలి ఊదిన నీళ్లు! ఆ ముసలాయన మంచివాడు. "డాక్టర్‌కు పూఛ్ లేవ్ అమ్మా. హాఁ బోలే తోనే పిలావ్" అని, డాక్టరును అడిగి సరే అంటేనే తాపమని చెప్పి పంపాడట.

మర్నాడు పొద్దున డాక్టరమ్మ నా పొట్ట మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నారు. "గాలి పోకపోయినా పేగు చప్పుడు వినిపిస్తోంది. ఇవాళ కొంచెం కొంచెం నీళ్లు తాగు. మధ్యాహ్నం పల్చటి జావ కూడా తాగొచ్చు" అన్నారు. ముక్కులో గొట్టం కూడా తీసేయించారు.

తలుపు దగ్గర్నుంచి అత్తమ్మ గొంతు వినిపించింది. "అయితే నీళ్లు తాపొచ్చా డాక్టరమ్మా?"

"తాపండి పెద్దమ్మా."

ఇక ఆమె మొహం చూడాలి. ఆటో కట్టుకుని ఇంటికి పోయింది, ఆ నీళ్లతోనే రాగి జావ కాచి ఫ్లాస్కులో పోసుకుని మధ్యాహ్నానికల్లా తిరిగి వచ్చింది. నేను మటుకు గొంతు ఎండిపోయి పొద్దున ఇచ్చిన రెండు చెంచాల నీళ్లనే తలుచుకుంటూ పడుకున్నాను. దాహమంటే ఏమిటో నాకు ఆ రోజుల్లో తెలిసింది. పక్కన ఎవరైనా సీసా మూత తీస్తే ఏడుపొచ్చేది.

ఆ మధ్యాహ్నం సంగతి జాగ్రత్తగా చెప్తాను.

నాది ఇద్దరు పేషెంట్లు ఉండే గది. రెండో మంచం ఆవిడ పొద్దునే ఇంటికెళ్లిపోయింది. మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. గదిలో నేను, అత్తమ్మ. ఎండ కిటికీలోంచి నా కాళ్ల మీద పడుతోంది. నేను నిద్రలో లేను. మంచం తల వైపు పైకి లేపి ఉంది, కూర్చున్నట్టే ఉన్నాను. నొప్పి కూడా పెద్దగా లేదు. అత్తమ్మ స్టీలు గ్లాసులో జావ పోసి, చల్లార్చి, నా చేతికిచ్చింది. రాగి వాసన ముక్కుకు తగిలింది. అమృతం అంటే నమ్మండి. గ్లాసు పెదవుల దాకా తెచ్చుకున్నాను.

అరచేతులు రుద్దుకున్న చప్పుడు వినిపించింది.

పొట్ట మీద, కుడివైపు, పట్టీ పక్కన, వెచ్చటి చెయ్యి పడింది. మెల్లగా నొక్కింది. "ఏమీ తాగొద్దమ్మా. ఒక్క చుక్క కూడా వద్దు" అని డాక్టరమ్మ అన్నారు. థియేటర్‌లో వేసుకునే నీలం బట్టల చెయ్యి మోచేతి దాకా చూశాను. మొహం వైపు చూశానో లేదో గుర్తు లేదు. గ్లాసు దించుతూ "సరే మేడం" అన్నాను. గ్లాసు బల్ల మీద పెట్టి తిరిగి చూసేసరికి మంచం పక్కన ఎవరూ లేరు. పని మీద వెళ్లిపోయారనుకున్నాను. ఆమె ఎప్పుడూ అంతే, ఒక చోట నిలవరు.

అత్తమ్మ మొహం మాత్రం పాలిపోయి ఉంది.

"ఎవలతోని మాట్లాడినవే?"

"డాక్టరమ్మతోని. తాగొద్దంటుంది గదా."

"ఏ డాక్టరమ్మ? ఈడ ఎవలున్నరు బిడ్డా?"

"ఇప్పుడే గదా వచ్చి పోయింది, నీ ముంగటనే!"

"ఎవ్వలు రాలే. నేను నీ మొకమే చూస్తున్న. ఎవ్వలు రాలే."

"నేనైతే తాగను అత్తమ్మా" అన్నాను.

ఇక్కడే మా అత్తమ్మ చిన్నప్పటి నుంచి విన్నదంతా పనికొచ్చింది. గాలి పట్టినవాళ్లు దమ్ చేసిన నీళ్లు నోట పెట్టరట. పైగా ఎవరూ లేని చోట మాట్లాడతారట. నేను రెండూ చేశాను. ఆమె చెప్పులు కూడా వేసుకోకుండా కారిడార్‌లోకి పరిగెత్తి, మొత్తం అంతస్తు వినేలా అరిచింది. "సిస్టరమ్మా! జల్ది రాండ్రి! నా కోడలి నోట్లకెల్లి గాలి మాట్లాడుతుంది!"

సిస్టర్ నవ్వుతూనే వచ్చింది. ఆ మాట వింటే ఎవరైనా నవ్వుతారు. నా మణికట్టు పట్టుకుంది. అప్పుడు నవ్వు ఆగింది. జ్వరం చూసింది. వంగి, నా పొట్టలోంచి బయటికి వచ్చే గొట్టం చివరి సంచి పైకెత్తి వెలుతురులో పెట్టి చూసింది. పొద్దున లేత ఎరుపుగా ఉన్న నీరు మురికి రంగులోకి మారింది. గబగబా బయటికి పోయి ఫోన్ అందుకుంది.

నొప్పి ఆ తర్వాత మొదలైంది. ముందు కాదు, తర్వాత. ఈ ఒక్క ముక్క ఎవరి ఎదుటైనా చెప్తాను.

స్కాన్ తీశారు. డాక్టరమ్మ పొద్దుటి నుంచి వేరే పెద్ద ఆపరేషన్‌లో ఉన్నారు. అది ముగించుకుని, ఆ నీలం బట్టలతోనే నా దగ్గరికి వచ్చారు. "లోపల కుట్టు దగ్గర కారుతోందమ్మా. మళ్లీ తెరవాలి. ఇప్పుడే" అన్నారు. ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"జావ ఏమైనా తాగావా?"

"లేదు మేడం."

"చాలా మంచి పని చేశావు. కడుపు ఖాళీగా ఉండటమే ఇప్పుడు మనకు పెద్ద బలం. తాగి ఉంటే అది కూడా లోపల కలిసేది" అన్నారు. పొద్దు గుంకేసరికి మళ్లీ బల్ల మీద ఉన్నాను.

బతికాను.

ఐసీయూలో తెలివి వచ్చాక ఆమెతో అన్న మొదటి మాట ఇదే. "మీరు మధ్యాహ్నం వచ్చి వద్దన్నందుకు తాగలేదు మేడం. లేకుంటే తాగుదును." ఆమె నా వైపు ఒక్క క్షణం చూశారు. "నేనా? నేను పొద్దున్నుంచీ థియేటర్లోనే ఉన్నానమ్మా" అని, నా చెంప తట్టి పక్క మంచానికి వెళ్లారు.

నేను ఊరుకునేదాన్ని కాదు కదా. కాస్త కోలుకున్నాక ఆ సిస్టర్‌ను నిలదీశాను. ఆమె కూర్చునే బల్ల సరిగ్గా నా గది తలుపుకు ఎదురుగా ఉంటుంది. ఆ వేళకు ఏ డాక్టరూ లోపలికి పోలేదంది. డాక్టరమ్మ చెయ్యి కడుక్కుని థియేటర్లోకి దిగితే ఆపరేషన్ అయ్యేదాకా బయటికి రారంది. జ్వరం లోపల ముదిరితే మనిషికి లేనివి కనిపిస్తాయి, వినిపిస్తాయి, అదే అయి ఉంటుంది అంది. నాకూ అదే సబబు అనిపించింది. ఇప్పటికీ సగం రోజులు అలాగే అనుకుంటాను.

నవ్వొచ్చేదేమిటంటే, ఉన్నవీ లేనివీ అన్నీ కనిపించే మా అత్తమ్మ, గదిలోకి ఎవరూ రాలేదని ఒట్టేస్తుంది. ఏదీ నమ్మని నేనేమో వచ్చారని వాదిస్తాను. ఇంట్లో మా పక్షాలు తారుమారయ్యాయి.

రెండో ఆపరేషన్‌లో పేగు కొస పొట్ట మీదికి తీసి, మలం పడేందుకు సంచి తగిలించారు. అది చూసి నేను ఎంత ఏడ్చానో చెప్పలేను. ఆ వాసన, ఆ తడి, నా ఒళ్లు నాకే పరాయిదైనట్టు ఉండేది. మొహం గోడ వైపు తిప్పుకుని పడుకుంటే, ఒక రోజు డాక్టరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుని, సిస్టర్‌ను పిలవకుండా తన చేతులతోనే ఆ సంచి మార్చారు. ముక్కు మూసుకోలేదు, మొహం చిట్లించలేదు. మాట్లాడుతూనే మార్చారు. "నీ పేగుకు కొన్నాళ్లు సెలవిచ్చాం. సెలవు అయిపోగానే మళ్లీ డ్యూటీలో వేస్తా" అన్నారు. నేను తిరిగి చూశాను. ఆ మర్నాడు నేనే మార్చుకున్నాను. కీమో రోజుల్లో నోరంతా పూసి, ఇంక నా వల్ల కాదని ఫోన్ చేస్తే, ఎంత పనిలో ఉన్నా తిరిగి చేసేవారు. కన్నతల్లి కూడా అంతకంటే ఏం చేస్తుంది?

కీమో అయ్యాక సంచి తీసేసి పేగు లోపలికి పెట్టి కుట్టారు. మళ్లీ పొద్దున్నే అదే ప్రశ్న. ఈసారి రెండు రోజులకే పోయింది, గదిలో అందరూ వినేలా. డాక్టరమ్మ చప్పట్లు కొట్టారు. మా ఆయన బయటికి పరిగెత్తి ఎవరికో ఫోన్ చేశాడు. అత్తమ్మ అందరి మొహాలూ చూసి, కాసేపటికి అర్థమై, నోటి మీద చెయ్యి వేసుకుంది.

"ఓ నీ పాడుగాను! గిదా గాలి? గీ పిత్తు కోసమా నేను దర్గా సుట్టూ తిరిగింది?"

కుట్లు లాగుతున్నా నవ్వు ఆపుకోలేకపోయాను.

తర్వాతి పరీక్షల్లో క్యాన్సర్ జాడ లేదని చెప్పిన రోజు, అత్తమ్మ ఒక పట్టు పట్టింది. డాక్టరమ్మకు ఒడిబియ్యం పోయాలని. మా వైపు పెళ్లయిన ఆడబిడ్డకు పుట్టింటివాళ్లు పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, పోకలు ఒడిలో పోస్తారు. "నా కోడలిని నాకు మర్లిచ్చింది. నాకు బిడ్డ గాక ఏమైతది?" అంది. ఆసుపత్రిలో బియ్యమేమిటని నేను తిట్టినా వినలేదు.

ఓపీ అయిపోయాక డాక్టరమ్మ గదిలోకి వెళ్లాం. "నీకు పెనిమిటి ఉన్నడు గదా బిడ్డా?" అని అత్తమ్మ ముందు అదొకటి అడిగింది. డాక్టరమ్మ నవ్వి, ఉన్నాడన్నారు. ఆమె కోటు మీదనే కొత్త చీర పరిచి, అత్తమ్మ దోసిళ్లతో ఒడి నింపింది. ఆ పద్ధతి తెలియని డాక్టరమ్మ, బియ్యం ఎక్కడ కింద పడతాయో అని రెండు చేతులూ అడ్డం పెట్టుకుని, చిన్నపిల్లలా బిగుసుకుని కూర్చున్నారు. ఆమె కళ్లలో నీళ్లు తిరగడం చూశాను.

నేను ఆమె కాళ్లకు దండం పెట్టాను. వద్దన్నా పెట్టాను. లేచి, మళ్లీ అదే మాట ఎత్తాను.

"మేడం, ఆ రోజు మధ్యాహ్నం మీరు వచ్చి వద్దనకపోతే నేను ఉండేదాన్ని కాదు. మీరు రాలేదంటరు. అయినా ఆ చెయ్యి మీదే. దానికి కూడా దండం తీసుకోండి."

డాక్టరమ్మ ఒడిలో బియ్యం జారకుండా చీర అంచులు దగ్గరికి లాక్కున్నారు.

"ఆపరేషన్ చేసినందుకు పెట్టు, తీసుకుంటా. సంచి మార్చినందుకు పెట్టు, తీసుకుంటా. దీనికి మాత్రం వద్దమ్మా" అన్నారు. "నేను థియేటర్లో ఉన్నాను అన్నది ఒక్కటే కాదు. ఆ మధ్యాహ్నం నేను నిజంగానే నీ గదికి వచ్చి ఉంటే, నిన్ను తాగమనే చెప్పేదాన్ని. అప్పటికి నాకు ఏ అనుమానమూ లేదు. నా చేత్తోనే గ్లాసు అందించేదాన్ని."

అత్తమ్మ వంగి, కింద రాలిన బియ్యపు గింజలు ఒక్కొక్కటే ఏరి ఒడిలో వేసింది.

డాక్టరమ్మకు నేను ఎంత రుణపడ్డానో ఆమెకు చెప్పాను, బతికినంత కాలం చెప్తూనే ఉంటాను. ఆ ఒక్క దండం మాత్రం నా చేతుల్లోనే ఉండిపోయింది. ఎవరికి పెట్టాలో నాకు ఇప్పటికీ తెలియదు.